మూడు తరాలు కలిసి ఉండే ఇల్లు: కట్టేముందే ఆలోచించవలసిన సంగతులు



ఈ సంచికలో మందుల గురించి గాక ఇంటి గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో గోడలు, తలుపులు, మెట్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. దానికి కారణం ఉంది. మా వార్డుల్లో తుంటి ఎముక విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, మోకాలి ఆపరేషన్ అయినవారు ఉంటారు. డిశ్చార్జి రోజు దగ్గరపడగానే పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "సిస్టర్, మా అమ్మ ఎన్ని రోజుల్లో నడుస్తది?" మేము వారిని తిరిగి అడుగుతాము: "మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుంది? మంచం నుంచి ఎన్ని అడుగులు? మధ్యలో గడపలు, మెట్లు ఎన్ని?" వారి ప్రశ్నకు జవాబు చాలావరకు మా ప్రశ్నల జవాబులోనే ఉంటుంది. ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వాకర్ పట్టుకుని నడిచిన తల్లి, ఇంటికి వెళ్లి నెల తిరగకముందే మంచం పట్టడం మేము చూస్తుంటాము. కాలు నయమైంది గానీ ఇల్లు సహకరించలేదు.

పెద్దవారు మనతో కలిసి ఉండాలని మనసులో ఉంటే చాలదు. వారు ఉండగలిగేలా ఇల్లు కూడా ఉండాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదే.

మన ప్రాంతంలో ఇళ్లు ఎలా మారాయి?

శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగిన పెద్దవారికి పాత ఇళ్లు గుర్తుండే ఉంటాయి. అన్ని గదులూ నేల మీదే ఉండేవి. ముందు అరుగు, లోపల వసారా, మధ్యలో వాకిలి. మండువా ఇంట్లో అయితే చుట్టూ గదులు, నడుమ వెలుతురు. తాత అరుగు మీద కూర్చుంటే వచ్చేవారు, పోయేవారు పలకరించేవారు. మెట్లెక్కే పని ఉండేది కాదు. ఆ ఇళ్లలో అన్నీ సుఖాలే అని మేము అనడం లేదు. గడపలు ఎత్తుగా ఉండేవి, మరుగుదొడ్డి దూరంగా ఉండేది లేదా అసలు ఉండేది కాదు. కానీ ముసలివారు ఇంటి మధ్యలో ఉండేవారు.

2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. దానికోసం సుమారు 5,500 ఎకరాల భూమి తీసుకున్నారు. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. పొలాలు ప్లాట్లు అయ్యాయి. రాళ్లగూడ, సాతంరాయి, తొండుపల్లి వంటి చోట్ల భూమి గజాల లెక్కన అమ్ముడుపోతోంది. గజం ధర పెరిగేకొద్దీ ఇల్లు పక్కకు గాక పైకి పెరిగింది. ఇప్పుడు మన వీధుల్లో మామూలుగా కనిపించే ఇల్లు ఇలా ఉంటుంది: కింద రెండు మడిగెలు లేదా అద్దె పోర్షను, మొదటి అంతస్తులో పెద్ద కొడుకు, రెండో అంతస్తులో చిన్న కొడుకు, డాబా మీద ఒక గదిలో అమ్మానాన్నలు. పైన గాలి బాగా వస్తుందని, పెద్దవారికి ప్రశాంతంగా ఉంటుందని చెబుతారు.

అరవై ఏళ్లప్పుడు అది నిజమే. డెబ్బై అయిదు ఏళ్లప్పుడు ఏమవుతుందో ఒక కుటుంబం సంగతి చెబుతాము. తండ్రికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమైంది. ఆయన గది డాబా మీద ఉంది. దిగడానికి యాభై నాలుగు మెట్లు. మొదట్లో పట్టుకుని దింపేవారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసేవారు. కొడుకులు డ్యూటీకి వెళ్లిన రోజు మోసేవారు దొరక్క డయాలసిస్ తప్పేది. తప్పిన రెండో రోజు ఆయాసంతో అత్యవసర విభాగానికి తెచ్చేవారు. ఆ పిల్లలకు తండ్రి మీద ప్రేమ లేక కాదు. చివరికి కింద ఒక మడిగె ఖాళీ చేయించి, షట్టరు తీసి గోడ, తలుపు, బాత్రూం పెట్టించారు. ఆ తర్వాత డయాలసిస్ తప్పిన రోజు లేదు. మడిగె అద్దె పోయింది గానీ, అత్యవసర విభాగంలో కట్టే బిల్లులు ఆగిపోయాయి. ఇల్లు కట్టేటప్పుడే ఆ గది కింద పెట్టి ఉంటే రెండుసార్లు ఖర్చయ్యేది కాదు.

కింద ఒక గది, దాని పక్కనే బాత్రూం

ఇల్లు కట్టే ప్రతి కుటుంబానికీ మేము మొదట చెప్పేది ఇదే. స్థలం 100 గజాలే అయినా, నేల అంతస్తులో ఒక పడకగది, దానికి ఆనుకుని ఒక బాత్రూం ఉంచండి. ఇప్పుడు ఇంట్లో పెద్దవారు లేకపోయినా ఉంచండి. ఆ గది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పురిటికి వచ్చిన కూతురికి, కాలు విరిగిన కొడుక్కి, ఆపరేషన్ అయినవారికి, చుట్టాలకు, చివరికి మీకే పనికివస్తుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చినప్పుడు రోగిని విడిగా గదిలో ఉంచమని, మరుగుదొడ్డి కూడా విడిగా ఉండాలని చెప్పారు. ఇటువంటి గది ఉన్న ఇళ్లలో అది సులువైంది. ఒకే బాత్రూం వాడుకునే ఇళ్లలో ఎంత కష్టమైందో మీకు తెలుసు.

ఆ గది ఎలా ఉండాలి?

1. కనీసం 10 అడుగులు, 12 అడుగులు ఉండాలి. మంచానికి రెండు వైపులా మనిషి నిలబడే చోటు, ఒక వైపైనా 3 అడుగుల చోటు కావాలి. మంచాన్ని గోడకు ఆనించి పెడితే రోగిని పక్కకు తిప్పాలన్నా, బట్టలు మార్చాలన్నా ఒకే వైపు నుంచి వంగి లాగాలి. ఆ పని ఎక్కువగా చేసేది కోడళ్లు, కూతుళ్లు. వారి నడుము నొప్పికి ఇది పెద్ద కారణం.

2. తలుపు వెడల్పు 3 అడుగులు ఉండాలి. బాత్రూం తలుపు కూడా అంతే. సాధారణంగా బాత్రూంలకు రెండున్నర అడుగుల తలుపు పెడతారు. చౌకట్టు మందం, తలుపు మందం పోగా మిగిలిన సందులో చక్రాల కుర్చీ పట్టదు. కట్టేటప్పుడు ఈ అరడుగు తేడాకు పెద్ద ఖర్చు లేదు. తర్వాత కావాలంటే గోడ పగలగొట్టాలి.

3. గది హాలుకు దగ్గరగా ఉండాలి. వెనక స్టోరు పక్కన చీకటి గది పెద్దవారికి ఇవ్వకండి. మంచం మీద నుంచి మనుషులు కనబడాలి, మాటలు వినబడాలి. ఒంటరితనంతో తిండి తగ్గి, నిద్ర చెడి, నీరసపడి మా దగ్గరకు వచ్చేవారు ఎందరో.

4. స్విచ్చులు నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో, మంచం మీద నుంచి అందేలా ఉండాలి. గుమ్మం దగ్గర వేసి మంచం దగ్గర ఆర్పగలిగే టూ వే స్విచ్చు పెట్టించండి. మంచం తల వైపు రెండు మూడు ప్లగ్ పాయింట్లు ఉంచండి. రేపు గాలి పరుపు, నెబ్యులైజర్, ఆక్సిజన్ యంత్రం అవసరమైతే తీగలు నేల మీద లాగి పెట్టనక్కర లేదు. కాలికి తగిలి పడటానికి ఆ తీగలే కారణమవుతాయి. ఆ గదికి ఇన్వర్టర్ లైను కూడా ఇప్పించండి.

బైబిలులో షూనేము ఊరి స్త్రీ ఎలీషా ప్రవక్త కోసం గది కట్టించిన సంగతి రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో మనం చదువుతాము. ఆమె గది కట్టించి ఊరుకోలేదు. మంచం, బల్ల, పీట, దీపం, ఏవేవి కావాలో అన్నీ ఆలోచించి అమర్చింది. ఎలీషా మెట్లెక్కగలిగినవాడు గనుక ఆ గది పైన ఉన్నా సరిపోయింది. మన ఇంట్లో ఉండేది ఎవరో, వారికి ఏమి అవసరమో చూసి గది అమర్చడం ఆమె దగ్గర నేర్చుకోవాలి.

బాత్రూం విషయంలో ఎక్కువ జాగ్రత్త

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి మరణిస్తున్నారు. వారిలో ఎక్కువమంది అరవై ఏళ్లు దాటినవారు. మా దగ్గరకు తుంటి విరిగి వచ్చేవారిని ఎక్కడ పడ్డారని అడిగితే, బాత్రూంలో లేదా బాత్రూంకి వెళ్తుంటే అని చెప్పేవారు చాలామంది. ఎక్కువగా రాత్రి వేళ. షుగరు ఉన్నవారికి, నీరు పోయే మాత్రలు వేసుకునేవారికి రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. బీపీ మాత్రలు వాడేవారికి పడుకుని చటుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. శుక్లాలు ఉంటే చీకట్లో మెట్టు కనబడదు. అందుకే లేవగానే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తర్వాత నిలబడమని చెబుతాము. ఇక బాత్రూం సంగతి చూద్దాము.

నేల: మెరిసే టైల్స్ వేయకండి. తడిస్తే జారతాయి. గరుకు టైల్స్ అడిగి వేయించండి. గదికీ బాత్రూంకీ మధ్య నాలుగు అంగుళాల దిగుడు మన ఇళ్లలో మామూలు. నీళ్లు గదిలోకి రాకూడదని అలా పెడతారు. స్నానం చేసే మూలకు వాలు సరిగా ఇస్తే ఇంత దిగుడు అవసరం ఉండదు. స్లాబు వేయకముందే ఈ మాట మేస్త్రీకి చెప్పాలి, తర్వాత చెబితే లాభం లేదు.

తలుపు: బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపయితే, లోపల పడిపోయినవారి శరీరమే తలుపుకు అడ్డమవుతుంది. గడియ బయట నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి.

కమోడు: మోకాలి, తుంటి ఆపరేషన్లు అయినవారు గొంతుక్కూర్చోకూడదు. అందుకే కింద బాత్రూంలో వెస్ట్రన్ కమోడు ఉండాలి. సీటు ఎత్తు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాలు ఉంటే లేవడం తేలిక.

పట్టుకునే రాడ్లు: కమోడు పక్కన, స్నానం చేసే చోట స్టీలు రాడ్లు కావాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు దీనికి పనికిరాదు. అది తువ్వాలు బరువుకు బిగించినది. పడబోయే మనిషి పట్టుకుంటే ఊడివస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడలో, బోలు ఇటుకల గోడలో మామూలు స్క్రూలు నిలవవు. ఇప్పుడు రాడ్లు బిగించకపోయినా ఫరవాలేదు. గోడ కట్టేటప్పుడే ఆ చోట, నేల నుంచి రెండు అడుగుల నుంచి మూడు అడుగుల ఎత్తు మధ్య కాంక్రీటు పట్టీ వేయించి, టైల్స్ వేసేముందు ఫోటో తీసి దాచుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు రాడ్డు బిగించుకోవచ్చు.

వేడినీళ్లు: షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవారికి నీటి వేడి తెలియదు. బకెట్లో ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపాలి. చేత్తో చూసి ఇవ్వడం ఇంట్లోవారి పని.

గేటు నుంచి మంచం దాకా

మన కాలనీల్లో ప్రతి కొన్నేళ్లకూ రోడ్డు మీద రోడ్డు వేస్తారు. రోడ్డు ఎత్తు పెరిగి వాన నీరు ఇంట్లోకి వస్తుందని అందరూ బేస్‌మెంట్ మూడడుగులు లేపుతారు. ఇది న్యాయమైన భయమే. కానీ చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు కావాలంటే లెక్క ఇలా ఉంటుంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు ఉండాలి. 2021లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా ఈ లెక్కే ఉంది. అంటే మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల 150 గజాల స్థలంలో అది పట్టడం కష్టం. ఒకటిన్నర అడుగు ఎత్తయితే 18 అడుగులు చాలు. ఇంటి పక్క సందులో వేసుకోవచ్చు. సందు కనీసం 3 అడుగుల వెడల్పు ఉండాలి. కాబట్టి రోడ్డు ఇంకా ఎంత లేస్తుందో, వాన నీరు ఎటు పోతుందో చూసుకుని, ఎత్తు ఎంత అవసరమో అంతే పెట్టుకోండి.

బండి ఎక్కించడానికి గేటు దగ్గర వేసే నిటారు వాలును ర్యాంపు అనుకోకండి. దాని మీద చక్రాల కుర్చీ తోస్తే తోసేవారు కూడా జారిపడతారు. ర్యాంపుకు చోటు లేకపోతే ఆరు అంగుళాల ఎత్తు, పన్నెండు అంగుళాల వెడల్పు గల మెట్లు కట్టించి, రెండు వైపులా పట్టుకునే కమ్మీలు పెట్టించండి. ఇంటి లోపల గదికీ గదికీ మధ్య గడపలు వద్దు. ముఖద్వారానికి గడప ఆచారమని అనుకునేవారు దాన్ని అర అంగుళానికి తగ్గించి, అంచులు వాలుగా చేయించుకోవచ్చు.

పై అంతస్తుల ఆలోచన

కొడుకులు పైన కట్టుకుంటారు, మంచిదే. మెట్లు మాత్రం నిటారుగా పెట్టకండి. మలుపులో చదునైన చోటు ఉండాలి. ప్రతి మెట్టు అంచుకూ వేరే రంగు పట్టీ వేస్తే చూపు తగ్గినవారికి తెలుస్తుంది. లిఫ్టు పెట్టే స్తోమత ఇప్పుడు లేకపోయినా, ప్రతి అంతస్తులోనూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి వచ్చేలా అయిదడుగుల చదరపు స్టోరు గది ఉంచండి. ఆ చోట స్లాబు ఎలా వేయాలో ఇంజనీరు చెబుతాడు. రేపు అవసరమైతే అదే లిఫ్టు చోటు అవుతుంది, అప్పటిదాకా బియ్యం బస్తాలు పెట్టుకోవచ్చు. విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు పరిమితులు ఉంటాయి. చోటును బట్టి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అనుమతి అవసరం కావచ్చు. తర్వాత ఇంకో అంతస్తు వేసుకుందామని పెద్దవారి గది వాయిదా వేసేవారు ఈ సంగతి ముందే కనుక్కోవాలి.

మారగలిగే గదులు

ఇల్లు ఒకసారే కడతాము. కుటుంబం మాత్రం అయిదారేళ్లకొకసారి మారుతుంది. కోడలు వస్తుంది, పసిపిల్ల వస్తుంది, మనవడు చదువుకు వస్తాడు, పెద్దవారు బలహీనపడతారు. పిల్లర్ల మీద కట్టిన ఇంట్లో లోపలి గోడలు చాలావరకు స్లాబు బరువు మోయవు. ఏ గోడ తీయవచ్చో, ఏది తీయకూడదో ప్లాను మీద ఇంజనీరు చేత గుర్తు పెట్టించి ఆ కాగితం దాచుకోండి. రెండు చిన్న గదులు ఒక పెద్ద గది కావచ్చు, పెద్ద హాలు రెండు గదులు కావచ్చు. కింద అద్దెకు ఇచ్చే పోర్షనుకూ మీ హాలుకూ మధ్య ఒక తలుపు ఉంచి తాళం వేసుకోండి. అద్దెదారులు ఖాళీ చేశాక అమ్మను తెచ్చుకోవాలంటే ఆ తలుపు తీస్తే చాలు.

పై అంతస్తులో రెండో వంటగదికి నీళ్ల పైపు, మురుగు పైపు ముందే వేయించండి. కలిసి ఉండటమంటే ఒకే పొయ్యి దగ్గర ఉండటం కాదు. పెళ్లైన పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోవాలని ఆదికాండములో ఉంది. తల్లిదండ్రులను సన్మానించాలని పది ఆజ్ఞల్లో ఉంది. రెండూ దేవుని మాటలే. రెండు పొయ్యిలున్న ఒకే ఇంట్లో ఈ రెండింటినీ పాటించవచ్చు. అత్తాకోడళ్ల మధ్య రోజూ జరిగే చిన్న చిన్న మాటలు తగ్గితే, కష్టం వచ్చిన రోజు ఒకరినొకరు ఆదుకునే మనసు మిగులుతుంది.

మన ప్రాంతంలో మరొక అవసరం ఉంది. విమానాశ్రయంలో, కార్గోలో, క్యాబుల మీద రాత్రి డ్యూటీ చేసేవారు చాలా ఇళ్లలో ఉన్నారు. వారు పగలు నిద్రపోవాలి. అదే సమయంలో తాత టీవీ పెద్దగా పెడతాడు, పిల్లలు ఆడుకుంటారు. నిద్ర చాలక బీపీ, షుగరు అదుపు తప్పి, కోపం పెరిగి, బండి నడుపుతూ కునుకు తీసి ప్రమాదాలు తెచ్చుకుంటారు. హాలుకు దూరంగా, వంటగది గోడకు ఆనకుండా ఒక గదిని మందపాటి పరదాలతో, సందులు లేని కిటికీ రెక్కలతో పగటి నిద్రకు ఏర్పాటు చేయండి. తాతకు మాత్రం చెవి పరీక్ష చేయించండి. టీవీ శబ్దం పెంచడం చాలాసార్లు వినికిడి తగ్గిందనడానికి గుర్తు.

గాలి, ఎండ

ప్రతి గదికీ ఎదురెదురుగా గాలి వచ్చే, పోయే దారులు ఉండాలి. గాలి ఆడని ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే పసిపిల్లలకు, షుగరు ఉన్న పెద్దవారికి త్వరగా అంటుకుంటుంది. ఇక ఎండాకాలంలో డాబా మీద రేకుల గదిలో ముసలివారిని ఉంచడం ప్రమాదకరం. వారికి దాహం తెలియదు, చెమట తక్కువ, పైగా కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. వడదెబ్బ గదిలో కూర్చున్నా తగులుతుంది. డాబా మీద తెల్ల సున్నం గానీ, వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు గానీ వేస్తే కింది గదుల్లో వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఇందుకే.

చిన్నపిల్లలను మరవకండి

పెద్దవారికి మంచిదైన ఇల్లు చాలావరకు పిల్లలకూ మంచిదే. వారికి ప్రత్యేకంగా కావలసినవి మూడు. నీళ్ల సంపుకు బరువైన మూత, దానికి తాళం. మెట్ల పైనా కిందా చిన్న గేటు. డాబాకు ఎత్తయిన పిట్టగోడ, దాని పక్కన పిల్లలు ఎక్కే కుండీలు, బల్లలు లేకుండా చూడటం. కొత్త ఇల్లు కట్టేవాడు కప్పుకు పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. ఇంటి భద్రత దేవుని ఎదుట కూడా ఇంటివాని బాధ్యతే అని దీని అర్థం.

మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవారికీ గేటు జాగ్రత్త అవసరం. బెంగుళూరు హైవే పక్కన ఉన్న కాలనీల్లో ఇది మరీ ముఖ్యం. తలుపు తీయగానే మోగే చిన్న గంట కట్టండి. చొక్కా జేబులో ఇంటి ఫోను నంబరు రాసి పెట్టండి.

అద్దె ఇల్లు, అపార్ట్‌మెంటులో ఉన్నవారికి

గోడలు మార్చే వీలు లేనివారు నిరాశపడవద్దు. తక్కువ ఖర్చుతో ఇవి చేయవచ్చు:

మంచం ఎత్తు మోకాలి ఎత్తుకు సమానంగా ఉండాలి. కుంగిన నవారు మంచం మీద నుంచి లేవడం కష్టం. రాత్రి మంచం పక్కన కమోడు కుర్చీ పెట్టండి. బాత్రూంలో స్నానానికి రబ్బరు బొడిపెలున్న బలమైన స్టూలు వాడండి, తేలికైన ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. నడిచే దారిలో కాలిపట్టాలు, తీగలు, చెప్పులు తీసేయండి. రాత్రంతా చిన్న లైటు వేసి ఉంచండి. మంచం దగ్గర, బాత్రూంలో పిలిచే గంట పెట్టండి. ఇంటి యజమానిని మర్యాదగా అడిగితే రెండు రాడ్లు బిగించుకోనిస్తారు. ఫ్లాటు కొనేవారు లిఫ్టు ఎంత పెద్దదో, స్ట్రెచర్ పడుతుందో లేదో, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందో లేదో చూసి కొనండి.

ఈ ఆలోచన మనకొక్కరికే కొత్త కాదు. ఇంగ్లండులో 1990లలోనే జీవితకాల గృహాలనే పద్ధతి తయారు చేశారు. తర్వాత రాడ్లు బిగించడానికి బలమైన గోడలు, నేల అంతస్తులో మంచానికి చోటు, ముందుముందు లిఫ్టుకు చోటు అందులో ఉన్నాయి. సింగపూరులో ప్రభుత్వ గృహ సంస్థ 2013లో మూడు తరాల ఫ్లాట్లు ప్రవేశపెట్టింది. నాలుగు పడకగదులు, వాటిలో రెండింటికి సొంత బాత్రూంలు. తల్లిదండ్రులకు ఒకటి, కొడుకు కోడళ్లకు ఒకటి అన్నమాట.

మేస్త్రీతో మాట్లాడేముందు

ఇంట్లో అందరూ, పెద్దవారితో సహా, ఒకచోట కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

1. ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? అప్పటికి మన వయసు ఎంత?
2. మెట్లెక్కకుండా ఒక మనిషి తిని, స్నానం చేసి, నిద్రపోవడానికి కింద వీలుందా?
3. గేటు నుంచి ఆ మంచం దాకా చక్రాల కుర్చీ వెళ్తుందా? అంబులెన్సు స్ట్రెచర్ తిరుగుతుందా?
4. బాత్రూం తలుపు 3 అడుగులు ఉందా? బయటికి తెరుచుకుంటుందా?
5. రాడ్లు బిగించే చోట గోడ గట్టిగా ఉందా?
6. రాత్రి డ్యూటీ వారికి పగలు నిద్రపోయే చోటు ఉందా?
7. సంపు, మెట్లు, పిట్టగోడ పిల్లలకు క్షేమంగా ఉన్నాయా?

ముఖ్యంగా పెద్దవారిని అడగండి. వారి గది గురించి వారు లేని చోట నిర్ణయం చేయకండి. "నాకేమొద్దు బిడ్డా, ఎక్కడో ఒక మూల పడుంటా" అని వారు అంటారు. ఆ మాట పట్టుకుని మూల గది ఇవ్వకండి. ఇంకోసారి అడగండి. కిటికీ ఎటు కావాలి, పొద్దున ఎండ కావాలా, ఎవరి మాటలు వినబడాలి అని అడిగితే నెమ్మదిగా చెబుతారు.

మా ఆసుపత్రిలో చేరిన రోగుల కుటుంబాలకు ఒక మనవి. డిశ్చార్జికి రెండు మూడు రోజుల ముందే మీ ఇంటి మంచం, బాత్రూం, మెట్లు, గుమ్మాల ఫోటోలు ఫోనులో తీసుకుని వార్డు సిస్టరుకు చూపించండి. టేపుతో తలుపుల వెడల్పు కొలిచి రాసుకుని రండి. ఇంట్లో ఏ మార్పు వెంటనే చేయాలో, ఏది తర్వాత చేయవచ్చో చెబుతాము. రోగిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో మీ చేత చేయించి నేర్పుతాము. సంఘాల్లో వడ్రంగి పని, తాపీ పని, కరెంటు పని తెలిసిన సహోదరులు ఉన్నారు. ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇళ్లకు నెలకొక శనివారం వెళ్లి ఒక రాడ్డు బిగించినా, ఒక లైటు పెట్టినా, అది కూడా రోగులను దర్శించే పరిచర్యే.

దేవుడు మీ ఇళ్లలో పెద్దలను, పిల్లలను క్షేమంగా కాపాడును గాక.